పక్కన పెట్టిన సంచులు

మా అమ్మ ఐదుగురిని కన్నది. కాన్పు తర్వాత పడిన ఐదుగురి మాయలనూ మా అవ్వ కొత్త మట్టి చట్టిలో పెట్టి, కాస్త పసుపు చల్లి, నాలుగు వేపాకులు వేసి, దొడ్లో నీళ్ల తొట్టి పక్కన పాతిపెట్టింది. తడి ఆరని చోట పాతాలి, లేకపోతే తల్లికి పాలు ఇంకిపోతాయి అనేది. కాల్చడం అనే మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. అటువంటి పని ఎవరైనా చేస్తారని ఆమెకు తోచి కూడా ఉండదు.

నేను ఆ పని చేసే చోటే ఆరేళ్లు కూలికి పోయాను.

మా వైపు గుట్టల కింద, ఆసుపత్రుల చెత్త కాల్చే కంపెనీ అది. పొద్దున్నే తిరుపతి నుంచి ఒక బండి, చిత్తూరు నుంచి ఒక బండి వచ్చేవి. బండ్ల నిండా మూతి బిగించి కట్టిన పసుపు సంచులు. కట్లు కట్టిన గుడ్డలు, దూది, పసిపిల్లల డైపర్లు, ఆపరేషన్లలో కోసి తీసినవి, అన్నీ ఆ సంచుల్లోనే. వాటిని దించి, తూకం వేసి, పొయ్యి దాకా మోసుకుపోవడం నా పని. మొదట్లో అన్నం సయించేది కాదు. నెల తిరిగేసరికి చేతులు రుద్ది రుద్ది కడుక్కుని అక్కడే గోడ నీడన సద్ది తినడం అలవాటైపోయింది.

పొయ్యి దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. అందరూ అన్నా అంటే నేనూ అన్నా అనే పిలిచాను. చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసిన మనిషి. అది మూతపడ్డాక ఇక్కడికి వచ్చాడు. పొయ్యి తలుపులో అరచెయ్యంత గాజు కన్నం ఉండేది. ఆయన ఒక కన్ను మూసి, రెండో కంటితో అందులోకి చూసి, లోపల వేడి ఎంత ఉందో చెప్పేవాడు. పసుపుగా ఉంటే వేడి నిండుగా ఉన్నట్టు, ఎరుపుకు తిరిగితే దిగిపోతున్నట్టు. గోడ మీద ఎర్ర అంకెల మీటరు ఒకటి ఉండేది. దానికి వీపు పెట్టి నిలబడి మరీ చెప్పేవాడు. మేం మీటరు చూసి, "కొంచెం తప్పినావన్నా" అంటే, "తప్పింది నేను కాదు, ఆ మీటరు. దానికి యాడ తెలుసు, అది పుట్టి మూడేండ్లు గూడా కాలా" అనేవాడు. మధ్యాహ్నం సద్దులు విప్పే ముందు ఇదొక ఆట మాకు.

కాన్పుల వార్డు సంచి ఎత్తితే చేతికే తెలిసిపోతుంది. దూది సంచి ఊరికే లేచి వస్తుంది. ఇదైతే అడుగున చేరి, అటూ ఇటూ జారుతూ, చేతిని కిందికి లాగుతుంది. మొదటిసారి అటువంటిది నా చేతికి వచ్చినప్పుడు పొయ్యి దాకా పోయి, వెనక్కి తిరిగాను.

"ఏందిమ్మా, దాన్ని ఎత్తుకొని మళ్లా యాడికి?" అన్నాడు అన్న.

"దీన్ని పొయ్యిలో ఎయ్యలేనన్నా. యాడో ఒక బిడ్డ పాలు తాగతా ఉంటాది."

ఆయన నన్ను చూశాడు, సంచిని చూశాడు. "మేనేజరు సూస్తే మనిద్దర్నీ కలిపి ఏసేస్తాడు లోపల" అన్నాడు. అని, పోయి గడారి తెచ్చాడు. ప్రహరీ వెనక బోరు నీళ్లు పారి ఎప్పుడూ చెమ్మగా ఉండే చోట మోకాటి లోతు గుంత తవ్వి ఇచ్చాడు.

కట్టిన సంచి విప్పకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని, ఆ మాత్రం చదవగలను. చదివీ విప్పాను. అప్పటి నుంచి కాన్పుల సంచులను పొద్దున్నే పాత డ్రమ్ముల వెనక పక్కన పెట్టేదాన్ని. మధ్యాహ్నం మేనేజరు అన్నానికి పోయినప్పుడు మాయలు తీసి పాతేసి, మిగతా తడి గుడ్డలన్నీ మళ్లీ కట్టి, సాయంత్రం ఆఖరి లోడులో పొయ్యికి ఇచ్చేదాన్ని. అన్నకు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు.

అట్లా రెండేళ్లు గడిచాక, తిరుపతిలో ఏదో కాలేజీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఈ చెత్త కాలితే ఎంత వేడి వస్తుందో కొలవడం ఆమె చదువు. మేనేజరు మమ్మల్ని పిలిచి, ఆయమ్మ ఏం అడిగితే అది చెయ్యమన్నాడు.

"ఎండు కట్టె బాగా మండుతుంది, పచ్చి కట్టె మండదు గదా అక్కా" అని ఆ పిల్ల నాకు విడమరిచి చెప్పింది. "ఈ సంచుల్లో ఎండు ఎంతో, పచ్చి ఎంతో తెలిస్తే, పొయ్యికి డీజిలు ఎంత కావాలో తెలిసిపోతుంది."

"దానికి కొలత ఎందుకు తల్లీ, నన్ను అడిగితే నేను చెప్తా గదా" అన్నాడు అన్న.

"మీరు చెప్పింది కాగితం మీద ఎట్లా పెట్టేది పెద్దాయనా?"

"నా బొమ్మ ఏసి పెట్టు."

ఆ పిల్ల నవ్వింది. నవ్వి నడుం మీద చెయ్యి పెట్టుకున్నప్పుడు నేను చూశాను. ఐదో నెల.

ఆమె సంచులు ముట్టకూడదని వాళ్ల సారు గట్టిగా చెప్పి పంపాడట. దూరంగా కుర్చీ వేసుకుని రాసుకోవడం వరకే ఆమె పని. ఏరి ఇవ్వడం నాది. బండి నుంచి దించేటప్పుడు లెక్కపెట్టి, ప్రతి పదో సంచినీ నేను టార్పాలిన్ మీద విప్పాలి. దూది, ప్లాస్టిక్, కాగితం, గుడ్డ వేరు చేసి తూకం వెయ్యాలి. తర్వాత అన్నీ చిన్న ముక్కలుగా కత్తిరించి, కలిపి, గుండ్రంగా కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచి రెండు తీసెయ్యాలి. మళ్లీ కలపాలి, మళ్లీ నాలుగు చెయ్యాలి. ఆఖరికి స్టీలు డబ్బాలో పట్టేంత మిగులుతుంది. అది తిరుపతికి పోతుంది.

"ఒకటే మాట అక్కా" అంది మొదటి రోజే. "పదోది ఏది వస్తే అదే. బాగుందనీ బాగలేదనీ ఎంచొద్దు. మీరు ఎంచితే నా లెక్కంతా తప్పిపోతుంది."

"నేనెందుకు ఎంచుతానమ్మా" అన్నాను.

ఆ పొద్దే పదో సంచి చేతికి బరువుగా తగిలింది. అడుగున జారింది. ఆమె కుర్చీలో కూర్చుని, పొట్ట మీద పుస్తకం ఆనించుకుని, పెన్సిలు పట్టుకుని నా వైపే చూస్తోంది. కడుపుతో ఉన్న పిల్ల కంటి ముందు మాయను పరిచి చూపించడమా? మా అవ్వ ఉంటే నా వీపు చీరేసేది. దాన్ని వెనక్కి నెట్టి పదకొండోది ఎత్తాను. ఆమె కనిపెట్టలేదు. మర్నాటి నుంచి ఆ అవస్థ కూడా లేకుండా, ఆమె బస్సు దిగే లోపలే కాన్పుల సంచులన్నీ డ్రమ్ముల వెనకకు చేర్చేశాను. లెక్కలోకే రాకుండా చేసేశాను.

మూడు నెలలు వచ్చింది ఆ పిల్ల. ఆమె కోసం రోజూ చిన్న సీసాలో మజ్జిగ తెచ్చేదాన్ని, అల్లం దంచి వేసి. కార్వేటినగరం నుంచి మా చెల్లెలు పుల్ల మామిడికాయలు పంపితే ఉప్పూ కారం అద్ది ఇచ్చేదాన్ని. "ఇట్లా మేపితే బిడ్డ బయటికి రావడం కష్టం అక్కా" అనేది. నాకు ఆడపిల్లలు లేరు. ఆమెకు చెప్పనందుకు కారణాలు వెతుక్కుంటే ఇదీ ఒకటి దొరుకుతుంది.

ఒకరోజు సద్ది తింటుంటే అన్న అడిగాడు. "కాన్పుల సంచులు గూడా ఆ తల్లి కొలుస్తా ఉండాదా? అవి శానా పచ్చి మా. అవి కలవకపోతే ఆ లెక్క నిలవదు."

"కొలిచిందిలే అన్నా" అన్నాను.

లేదంటే ఆయన నేరుగా పోయి ఆమెకు చెప్పేస్తాడని తెలుసు. చెబితే సంచులు విప్పే సంగతి బయటికి వస్తుంది. అందుకని నోటికి వచ్చింది అనేశాను. ముద్ద మింగినంత సులభంగా వచ్చేసింది అబద్ధం.

నన్ను ఒకసారి తిరుపతిలో వాళ్ల కాలేజీకి తీసుకుపోయింది, నా చేత్తో ఏరినది ఏమవుతుందో చూపిస్తానని. మేం పంపినదాన్ని ముందు తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్లీ తూచారు. ఎంత తగ్గితే అంత తడి. ఆరినదాన్ని పొడి చేసి, మాత్రలాగా నొక్కి, మందపాటి ఉక్కు చెంబులో పెట్టి మూత బిగించారు. ఆ చెంబును నీళ్లలో ముంచి, కరెంటు తీగతో లోపల నిప్పు అంటించారు. చప్పుడు లేదు, మంట కనబడలేదు. నీళ్ల వేడి కొలిచే అంకె మాత్రం మెల్లగా కొంచెం పెరిగి ఆగింది.

"ఇంతేనామ్మా?"

"ఈ పెరిగిన కొంచెంలోనే అంతా ఉంది అక్కా" అంది. ముఖం వెలిగిపోతోంది. "నేను అనుకున్నదానికంటే మన చెత్త బాగా ఎండుగా ఉంది. మా సారు కూడా మెచ్చుకున్నాడు."

చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడే ఎవరో టీ తెచ్చారు. టీ తాగి, ఆమె బస్సు ఎక్కిస్తే ఎక్కి వచ్చేశాను.

ఆమె రాసిన కాగితం వచ్చింది. ఆమె పురిటికి అమ్మగారింటికి పోయింది. ఈ చెత్తలో కావలసినంత వేడి ఉంది, పొయ్యి ఒకసారి అంటుకున్నాక డీజిలు పెద్దగా అక్కర్లేదు అని మేనేజరు చదివి వినిపించాడు. ఆ రోజు నుంచే డీజిలు తగ్గించేశాడు. ఎండలున్నన్నాళ్లు ఎట్లో నడిచింది. కార్తీకంలో ముసురు పట్టింది. సంచులు వచ్చేటప్పుడే తడిసి వచ్చేవి. సాయంత్రం ఆఖరి లోడులో కాన్పుల సంచులు పడేసరికి మీటరు అంకెలు దిగడం మొదలయ్యేది.

"ఎరుపు తిరిగింది సార్, డీజిలు కావాల" అన్నాడు అన్న.

"కాగితంలో ఉండాది సూడు. ఈ చెత్త తనకు తానే కాలతాది. నువ్వు ఊరికే తలుపు తెరుస్తా ఉంటే వేడి యాడ నిలుస్తాది?"

"నేను ముప్పై ఏండ్ల నుంచి పొయ్యి తలుపులు తెరుస్తా ఉండా సార్."

"అదే నేనూ చెప్తా ఉండేది. కన్ను మందగించినట్టుండాది నీకు. యా లోడు ఎప్పుడు ఎయ్యాలో తెలవడం లేదు."

మేనేజరు కోపంగా కూడా అనలేదు. మామూలుగా అన్నాడు. అన్నకు అదే తగిలింది. ఆ మర్నాటి నుంచి కన్నంలోకి రెండుసార్లు చూసేవాడు. చూసి, మీటరు వైపు తిరిగి, మళ్లీ కన్నంలోకి చూసేవాడు. తర్వాత ముందు మీటరు చూడడం మొదలుపెట్టాడు. మా ఆట ఆగిపోయింది.

ఒకనాడు నన్ను దగ్గరికి పిలిచాడు. "నువ్వు సూడు మా. ఎరుపా, పసుపా?"

చూశాను. "ఎరుపే అన్నా."

"మరి కాగితం ఎట్ల తప్పుతాది? అన్ని సంచులూ కొలిచింది గదా ఆ తల్లి."

నేను బండి వచ్చిందన్నట్టు బయటికి పోయాను. బండి రాలేదు.

చిమ్నీలోంచి నల్లపొగ రెండు రోజులు ఆగకుండా పోయింది. పక్క ఊరివాళ్లు ఎవరో ఫోను చేశారట, తనిఖీకి ఆఫీసర్లు వచ్చారు. బూడిద గీకి చూస్తే సగం కాలిన దూది ఉండలు, అంచులు కూడా మాడని డైపరు ఒకటి బయటపడ్డాయి. తప్పు ఎవరిదో ఒకరిది కావాలి. చెత్తలో వేడి ఉందని కాగితం చెబుతోంది కాబట్టి, తప్పు పొయ్యి నడిపే మనిషిది అయింది.

ఏమన్నా చెప్పుకునేది ఉందా అని అడిగారు అన్నను. నేను చీపురు పట్టుకుని వాకిట్లోనే ఉన్నాను. సంచులు విప్పడం, పాతడం ఆయన చెప్పొచ్చు. చెప్పలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు.

"వేడి తగ్గింది నిజమే సార్" అన్నాడు. "ఎట్ల తగ్గిందో నాకే తెలవడం లేదు."

ఎట్లా తగ్గిందో తెలిసిన మనిషిని నేను పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ఉద్యోగం పోతుందనే భయం ఒకటి, ఆ పిల్ల చదువు పాడవుతుందనే భయం ఒకటి. రెండింటి మధ్యన నోరు మూసుకుని వాకిలి ఊడ్చాను.

ఆయన్ని బండ్లు కడిగే పనికి మార్చారు. వారం కడిగాడు. తర్వాత రాలేదు. కొత్త మనిషి వచ్చిన కొన్నాళ్లకే డీజిలు మళ్లీ ముందులాగే పోశారు. పోసినట్టు ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

ఆ పిల్లకు కొడుకు పుడితే చూడబోయాను. చెప్పాలనే పోయాను. బిడ్డ పాలు తాగుతూ నిద్రపోతున్నాడు. పచ్చి బాలింతకు చెప్పే మాటా అది? చెంబు నిండా పాలు కాచి ఇచ్చి వచ్చేశాను. ఆ తర్వాత ఆమెకు ఉద్యోగం వచ్చింది. సంతోషంలో ఉన్న మనిషికి ఎందుకులే అనుకున్నాను. తర్వాత, ఇంత ఆలస్యంగా చెబితే ఏమనుకుంటుందో అనుకున్నాను. మూడేళ్లు గడవడానికి ఇటువంటి సాకులు నాలుగు చాలు.

మోకాళ్లు పట్టేసి నేను కంపెనీ మానేశాను. పోయిన మామిడి కాలంలో బంగారుపాళ్యంలో ఒక గుజ్జు ఫ్యాక్టరీకి పోయాను, కూర్చుని కాయలు కోసే పనికి. మొదటి రోజు గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకుని, మందపాటి అద్దాలు పెట్టుకుని, పుస్తకంలో పేర్లు రాయించుకుంటున్న మనిషిని చూసి ఆగిపోయాను.

"ఏమ్మా, ఇంగా నడుస్తా ఉండావే. మోకాళ్లు అరిగిపోయినాయని విన్నా" అన్నాడు అన్న.

"నువ్వు ఈడ బాయిలర్ కాడ కాకుండా గేటు కాడ ఉండావేందన్నా?"

"బాయిలర్‌కి కన్ను కావాల గదా మా. నాది పోయింది. ఆ పొయ్యి కాడే పోయింది, నేనే తెలుసుకోలేదు. పసుపును ఎరుపనుకొని, ఊరికే తలుపు తెరిచి పొయ్యిని నేనే సల్లార్చి, డీజిలు డీజిలని ఆ సారును ఎంత ఏడిపించినానో." అద్దాలు సవరించుకున్నాడు. "ఈడ బాయిలర్‌కి రమ్మన్నారు మొదట. నేనే వద్దన్నా. ఇంగొకసారి తప్పు జరిగితే ఎవురికి చెప్పేది?"

ఆయనకు పని ఒక్కటే పోయిందనుకున్నాను ఇన్నాళ్లూ. అంతవరకే నేను లెక్కవేసుకున్నాను.

ఆ రోజు ఎన్ని కాయలు కోశానో తెలియదు. సాయంత్రం బస్టాపులో నిలబడి ఆ పిల్లకు ఫోను చేసి, మొదటి రోజు పదో సంచి దగ్గర నుంచి అంతా చెప్పేశాను. అవతల పిల్లవాడు ఏదో అడుగుతుంటే వాడిని పక్కకు పంపింది.

"రోజుకి ఎన్ని అక్కా?" అంది. "ఏ బండిలో ఎన్ని?"

"సోమవారం తిరుపతి బండిలో ఐదు, చిత్తూరు బండిలో రెండు. మంగళవారం నాలుగు, రెండు. బుధవారం నువ్వు రాలేదు, వాంతులని. గురువారం ఆరు, ఒకటి..."

"ఇవన్నీ గుర్తున్నాయా మీకు?"

"నేను మరిచిపోయింది ఏదీ లేదమ్మా. చెప్పనిదే ఉండాది."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మరీ ఎండుగా ఉందని నాకూ ఒకసారి అనుమానం వచ్చింది. సారు మెచ్చుకున్నాడని ఊరుకున్నాను" అంది. ఎనిమిది రోజులకు లెక్క మళ్లీ వేసి, కాగితం ఫోనుకు పంపింది. జిరాక్స్ అంగట్లో అచ్చు తీయించాను. ఆ సంచులు కలిపితే వేడి బాగా పడిపోతుంది, డీజిలు లేకుండా ఆ పొయ్యి నిలవదు, నడిపినవాడి తప్పు లేదు అని అందులో ఉందట. ఆమె ఫోనులో చెబుతుంటే తెలుగులో కింద నా చేత్తో రాసుకున్నాను.

పొద్దున గేటు దగ్గర అన్న చేతిలో పెట్టాను. నా కోడిగీతలు కూడబలుక్కుని చదివాడు. రెండోసారి చదివాడు.

"అంటే ఆ పొద్దు ఎరుపేనా?"

"ఎరుపే అన్నా. నేనూ సూసి చెప్పినా గదా."

"నా మీద జాలితో అన్నావనుకున్నా." కాగితం మడిచాడు. "నువ్వు అన్నీ కొలిచిందని చెప్తివే మా."

"అబద్ధం చెప్పినానన్నా."

కాయల లారీ వచ్చి హారన్ కొట్టింది. ఆయన లేచి గేటుకు అడ్డంగా ఉన్న కర్ర ఎత్తి, నెంబరు రాసుకుని, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "టైమయింది, లోపలికి పో" అన్నాడు. నన్ను కోప్పడతాడని ఎదురుచూశాను. ఆయన పుస్తకం తెరిచి నా వెనక వచ్చినవాళ్ల పేర్లు రాసుకోసాగాడు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు బయటికి వస్తే, ఆయన అద్దాలు తీసి చేతిలో పట్టుకుని, బాయిలర్ పొగ గొట్టం వైపు చూస్తున్నాడు.

"పచ్చి కట్టె ఏస్తా ఉండారు" అన్నాడు, నాతోనో, తనతోనో.

"పోయి చెప్పరాదా అన్నా?"

"నా మాట ఎవురు ఇంటారు మా. గేటు వదిలి పోకూడదు."

నేనే పోయాను. బాయిలర్ దగ్గర ఉన్నవాడు చెమటలు కక్కుతూ కట్టెలు వేస్తున్నాడు. కట్టె పచ్చిదట, ఎండు వేసుకోమని గేటు దగ్గర అన్న చెప్పాడన్నాను.

"గేటు కాడ కూసునేటోనికి బాయిలర్ గురించి ఏం తెలుసు?" అన్నాడు.

అక్కడే నిలబడి మొదలుపెట్టాను. చక్కెర ఫ్యాక్టరీ చెప్పాను, గాజు కన్నం చెప్పాను, మీటరుకు వీపు పెట్టి అంకె చెప్పడం చెప్పాను. పదో సంచి సంగతి కూడా చెప్పాను, ఏమీ దాచలేదు. అతను వింటూనే ఉన్నాడు. వింటూ, వంగి ఇంకో కట్టె అందుకుని లోపల వేశాడు. అది కూడా పచ్చిదే.